ఖాజీ అబూ యూసుఫ్ (రహ్మ): అనుమానాన్ని రుజువుగా ఒప్పుకోని న్యాయమూర్తి

ఇస్లామీ చరిత్రలో ‘ఖాజీ అల్ ఖుజాత్’ (ప్రధాన న్యాయమూర్తి) అని పిలువబడిన మొదటి వ్యక్తి ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ). అసలు పేరు యాఖూబ్ బిన్ ఇబ్రాహీమ్ అన్సారీ. హిజ్రీ 113 (క్రీ.శ. 731)లో కూఫాలోని ఓ నిరుపేద కుటుంబంలో జన్మించారు. ఇల్లు గడవక చదువు ఆగిపోయే పరిస్థితి వచ్చింది. అప్పుడు గురువు ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) ఇంటి ఖర్చులకు స్వయంగా డబ్బిచ్చి ఆయన్ని చదివించారు.

మహ్‌దీ, హాదీ, హారూన్ రషీద్ అనే ముగ్గురు ఖలీఫాల కాలంలో ఆయన ఖాజీగా పనిచేశారు. హారూన్ కోరికపై ‘కితాబుల్ ఖరాజ్’ రచించారు. అది పన్నుల గ్రంథమే అయినా, నేరాలు, శిక్షలు, ఖైదీల విషయం కూడా అందులో ఉంది.

షరీఅత్‌లో శిక్షలు మూడు విధాలు. ‘హద్’ శిక్ష ముందే నిర్ణయమై ఉంది. ఖాజీ దాన్ని పెంచలేడు, తగ్గించలేడు. అందుకే సందేహం మిగిలితే హద్ ఆగిపోతుంది. ‘ఖిసాస్’లో హతుని వారసులకు క్షమించే హక్కుంది. మిగతా నేరాలకు ‘తాజీర్’: నేర తీవ్రతను, నేరస్థుని స్థితిని చూసి ఖాజీ నిర్ణయిస్తాడు. దానికీ హద్దుంది. కొరడా దెబ్బలు 39కి మించరాదని గురువుగారి అభిప్రాయం కాగా, ప్రసిద్ధ ఉల్లేఖనం ప్రకారం శిష్యుడు 75 వరకు అనుమతించారు.

కొట్టి, బెదిరించి చెప్పించిన ఒప్పుకోలు చెల్లదని, కేవలం ఆరోపణతో ఎవరినీ చెరసాలలో పెట్టరాదని ఆయన ఖలీఫాకు స్పష్టంగా రాశారు. ఖైదీలను సంకెళ్లతో బిచ్చానికి పంపరాదని, వారి తిండి, బట్టలు బైతుల్ మాల్ (ప్రజా ధనాగారం) నుండే ఇవ్వాలని కోరారు.

మన కమ్మర్‌పల్లి వైపు కల్లంలో ఆరబోసిన పసుపు పోయిందనుకోండి. అందరి చూపు ముందుగా కూలివాని మీదే పడుతుంది. నాలుగు తగిలిస్తే నిజం బయటికొస్తుందంటారు. కాని దెబ్బలకు తాళలేనివాడు చేయని దొంగతనాన్నీ ఒప్పుకుంటాడు. పోలీసుల ముందు చేసిన ఒప్పుకోలును నిందితునిపై రుజువుగా వాడరాదని మన దేశంలో 1872 సాక్ష్య చట్టమూ చెప్పింది, 2024 జూలై 1 నుండి అమలైన కొత్త చట్టమూ చెబుతోంది. సెషన్స్ కోర్టు నేరం రుజువయ్యాక కూడా శిక్ష ఎంతన్న విషయంపై దోషి మాట విడిగా వింటుంది.

ఆయన ‘కితాబుల్ ఆసార్’ను హైదరాబాద్ పండితులు మౌలానా అబుల్ వఫా అఫ్ఘానీ పరిష్కరించగా, హిజ్రీ 1355లో అది అచ్చయింది.

ఒక క్రైస్తవుడు ఖలీఫాపైనే దావా తెచ్చినప్పుడు, ఖలీఫాను ప్రత్యర్థితో సమానంగా కూర్చోబెట్టలేకపోయానని ఆయన చివరి ఘడియల్లో బాధపడ్డారని చరిత్రకారులు రాశారు. హిజ్రీ 182 (క్రీ.శ. 798)లో బాగ్దాద్‌లో పరమపదించారు.

ఒకరిని దొంగ అనే ముందు రుజువు అడిగే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.