జాన్ పీక్ నైట్ జీవితము

రైలు గేటు వద్ద ఎఱ్ఱదీపము కనబడినంతనే బండివాడు ఎద్దుల పగ్గము బిగబట్టుట పాకాల, రేణిగుంట ప్రాంతముల పెద్దలెల్లరు ఎఱిగినదే. రైలుదారి కొఱకు పుట్టిన ఆ దీపమును నగర వీథుల కూడలికి తొలుత తెచ్చిన పురుషుడు జాన్ పీక్ నైట్.

ఇతడు 1828వ సంవత్సరమున ఇంగ్లండులోని నాటింగ్‌హాంనందు జన్మించెను. పండ్రెండవ యేటనే బడి మాని డర్బీ స్టేషనున పార్సెళ్ల గదిలో కొలువు చేరెను. స్వయంకృషిచే ఎదిగి లండన్ - బ్రైటన్ రైల్వేలో అధికారి యయ్యెను. ఇతనిని సిగ్నళ్ల ఇంజనీరని వ్రాసినవారు గలరు గాని, రైళ్ల రాకపోకలను నడపుటయే ఇతని అసలు వృత్తి.

అది మన సీమకును రైలు కొత్తగా వచ్చిన కాలము. చెన్నపట్టణపు రాయపురము నుండి, చిత్తూరు ముఖ్యపట్టణముగా నుండిన ఉత్తరార్కాటు జిల్లాలోని వాలాజా వరకు 1856లో రైలు నడచెను. లండనులో నన్ననో, రైళ్లకు క్రమ మేర్పడెను గాని వీథులకు లేకుండెను. పార్లమెంటు భవనము చెంత గుఱ్ఱపుబండ్ల నడుమ బాట దాటుట ప్రాణగండముగా నుండెను. రైళ్లను నిలుపు సంకేతము బండ్ల నేల నిలుపరాదని నైట్ తలచెను.

1868 డిసెంబరులో అచ్చట 20 అడుగులకు మించిన ఇనుప స్తంభము నిలిచెను. రైలు సిగ్నళ్లు చేయు సాక్స్‌బీ, ఫార్మరు కంపెనీవారే దానిని నిర్మించిరి. పగలు స్తంభపు చేతులు అడ్డముగా చాచినచో బండ్లు ఆగవలెను. ఏటవాలుగా దించినచో మెల్లగా సాగవలెను. రాత్రివేళ గ్యాసు దీపములు ఎఱుపు, పచ్చ కాంతుల నిచ్చెడివి. నాటి ఆంగ్లేయ రైలుదారులలో పచ్చదీపమునకు అర్థము జాగ్రత్త యనియే. నిరాటంకముగా పోవుటకు గుర్తు తెల్లదీపము. స్తంభమును త్రిప్పుటకు ఒక పోలీసు జవాను అహోరాత్రములు కాపుండవలసి వచ్చెను.

నెల తిరుగకమునుపే, 1869 జనవరిలో, గ్యాసు కారి దీపము ప్రేలి ఆ జవాను గాయపడెను. కొంతకాలమునకు స్తంభమును తొలగించిరి. తప్పు గొట్టమునదే గాని యోచనది కాదు. ఐనను నిందను మోసినది యోచనయే.

నైట్ క్రుంగిపోలేదు. ఆ రైల్వేకు జనరల్ మేనేజరై, 1881లో బ్రైటన్ దారిని ఒక పుల్మన్ పెట్టెయందు విద్యుద్దీపములు వెలిగింపజేసెను. గ్యాసుకు మారుగా తన స్తంభమునకు కావలసియుండిన వెలుగు అదియే. దానిని వీథికి తెచ్చు అవకాశ మతనికి కలుగలేదు. 1886లో అతడు మరణించెను. అమెరికాలోని క్లీవ్‌లాండు కూడలిలో ఎఱుపు, పచ్చ విద్యుద్దీపములు 1914 ఆగస్టు 5వ తేదీన వెలిగెను; అప్పటికి నైట్ గతించి 28 ఏండ్లు.