డోర్నకల్ అజరయ్య గారు – నడి వయస్సులో వాక్యముతో నడక



ఈ శతవార్షిక సంచికకు ఒక వ్యాసము వ్రాయుమని పెద్దలు కోరినప్పుడు మాకు వెంటనే తోచినది బిషప్పు అజరయ్య గారి జీవితము. ఆయన పేరు వినని క్రైస్తవ గృహము మన ప్రాంతములో అరుదు. అయితే ఆంగ్లికన్ సంఘములో మొట్టమొదటి భారతీయ బిషప్పు అనియు, డోర్నకల్ కథీడ్రలు కట్టించినవారనియు చెప్పుకొని అంతటితో ఊరకుంటాము. సంసారము, బాధ్యతలు మీద పడిన వయస్సులో ఆయన వాక్యమును ఎట్లు చేత పట్టుకొని నడిచారో ఆలోచించము. నేడు మనకు కావలసినది అదే.

వేదనాయకం శామ్యూలు అజరయ్య గారు 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి ప్రాంతములోని వెళ్ళాళన్‌విళై అను గ్రామములో జన్మించారు. తండ్రి థామస్ వేదనాయకం గారు ఆ గ్రామ గురువు. బాల్యములోనే తండ్రి మరణించగా తల్లి భక్తిలో పెంచినది. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివారు గాని పట్టా చేతికి రాలేదు. 1895 నుండి వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా దక్షిణ దేశమంతా తిరిగి యువకులకు బైబిలు బోధించారు. 1898లో అన్బు మరియమ్మాళ్ గారిని వివాహమాడారు.

1902లో ఆయన యాఫ్నా వెళ్ళారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ స్వంత ఖర్చుతో సువార్త పంపుట చూచి ఆయన హృదయము కదిలినది. మరుసటి ఏడు 1903లో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ ఆరంభమైనది. ఆ సొసైటీ ఎంచుకొన్న పొలము నిజాం రాజ్యములోని మన డోర్నకల్ ప్రాంతము. 1905 డిసెంబరు 25న శ్రీరాంపూరులో నేషనల్ మిషనరీ సొసైటీ స్థాపించబడినప్పుడు కూడా ఆయన ముందు వరుసలో ఉన్నారు.

ఇక్కడనే మనము ఆగి ఆలోచించవలెను. ఇతరులను పొలమునకు పంపుచున్న మనిషి తాను మాత్రము వెళ్ళకుండుట న్యాయమా? చదివిన వాక్యము తన్నే ప్రశ్నించగా ఆయన తప్పించుకొనలేదు. 1909లో, ముప్పది అయిదేండ్ల వయస్సులో, పేరు గల ఉద్యోగము విడిచి, అభిషేకము పొంది, డోర్నకల్ చేరారు. ఆరంభ దినములలో గుడారమే నివాసము. దేశ విదేశముల సభలలో ఇంగ్లీషున ధారాళముగా ప్రసంగించిన వ్యక్తి ఇక్కడ చిన్న పిల్లవానివలె తెలుగు అక్షరములు దిద్దుకొనవలసి వచ్చినది. ఈ వయస్సులో ఇక మనకేమి వచ్చునని అనుకొనేవారికి ఇది గొప్ప పాఠము.

1910లో ఎడింబరో మిషనరీ మహాసభలో ఆయన మాట్లాడారు. పాశ్చాత్య మిషనరీల త్యాగమును కొనియాడుచునే, భారతీయులకు వారి స్నేహము కూడా కావలెనని సూటిగా చెప్పారు. సభలో కొందరికి అది రుచించలేదు. 1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కథీడ్రలులో డోర్నకల్ బిషప్పుగా ప్రతిష్ఠింపబడినప్పుడు ఆయనకు ముప్పది ఎనిమిదేండ్లు. మద్రాసు బిషప్పు వైట్‌హెడ్ గారు ఆయన పక్షమున నిలిచారు గాని, భారతీయుని క్రింద పని చేయుటకు ఇష్టపడనివారు తెల్లవారిలోను ఉన్నారు, మనవారిలోను ఉన్నారు.

అటు పిమ్మట ముప్పది రెండేండ్లు ఎడ్లబండి ప్రయాణములు, గురువుల తర్ఫీదు, బడులు, లెక్కలు, తగవులు. ఇంత పనిలో ఆయన వాక్య ధ్యానమునకు కాలమెక్కడిది? ఆయన వాక్యమును పనికి వేరుగా దాచి ఉంచలేదు. తెల్లవారకముందు దేవుని సన్నిధిలో చదివినదే పగలు మాలపల్లెలోను మాదిగపల్లెలోను బోధగా మారినది. మురికి, రోగము, అప్పు, త్రాగుడు అను నాలుగు దయ్యములతో పోరాడుమని గ్రామస్థులకు నేర్పారు. మాల, మాదిగ కుటుంబములు కలిసి కూర్చొనుట కష్టమైన ఆ దినములలో ప్రభువు బల్ల యొద్ద భేదము లేదని పట్టుబట్టారు. అక్షరములు రానివారు పది ఆజ్ఞలు, ప్రభువు ప్రార్థన, విశ్వాస ప్రమాణము కంఠస్థము చేసి, కీర్తనలు పాడి వాక్యమును హృదయములో నిలుపుకొన్నారు. బాప్తిస్మము పొందిన ప్రతివాడు సువార్తికుడే అనునది ఆయన దృఢ నమ్మకము. పంట పండుగలో ధాన్యము, కోళ్ళు, కూరగాయలు తెచ్చి అర్పించుట మన సంఘములలో బలపడినది. క్రైస్తవుని ఈవిని గూర్చి ఆయన వ్రాసిన చిన్న పుస్తకము అనేక భాషలలోనికి వెళ్ళినది.

ఇందులో అమ్మగారి భాగము తక్కువ కాదు. ఆరుగురు బిడ్డల తల్లియై ఉండి, గ్రామ స్త్రీలకును, గురువుల, ఉపదేశకుల భార్యలకును ఆమె బోధించారు. ఆ ఇంట వాక్యము భర్త ఒక్కరి పని కాలేదు.

1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము గౌరవ డాక్టరేటు ఇచ్చినది. 1939 జనవరి 6న కథీడ్రలు ప్రతిష్ఠ జరిగినది. గుమ్మటములు, రాతి స్తంభములు మన దేశపు పనితనముతో నిలిచి క్రీస్తు ఈ నేలకు పరాయివాడు కాడని నేటికిని చెప్పుచున్నవి. సంఘముల ఐక్యతకై ఎంతగానో పాటుపడిన ఆయన 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే ప్రభువునందు నిద్రించారు. దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27న ఏర్పడినది. విత్తినవారు కోతను కన్నులార చూడలేదు.

మా సంగతి దాచక చెప్పుకొందుము. వేదాంత కళాశాలలో చదివిన దినములలో మా బైబిలు అంచులన్నీ పెన్సిలు వ్రాతలతో నిండినవి. నలుబది దాటిన తరువాత ఒక దినము చూచుకొనగా, కొన్ని ఏండ్లుగా క్రొత్త గీత ఒక్కటియు లేదు. శనివారము రాత్రి ప్రసంగము కొరకు తెరచుట, ఆదివారము మూయుట. ఇతరులకు వడ్డించుచు మేము పస్తుంటిమి. అజరయ్య గారి జీవితము చదివినప్పుడు సిగ్గు కలిగినది. నాటి నుండి ప్రసంగముతో నిమిత్తము లేకుండ, ఉదయము సంఘస్థులు రాకముందు, ఇంటివారితో కలిసి ఒక అధ్యాయము చదువుచున్నాము. కొన్ని దినములు తప్పుచున్నది. మరల మొదలుపెట్టుచున్నాము.

జనగామ మార్కెట్టులో పత్తి అమ్ముటకు రాత్రంతా కాచుకొనే సోదరుడా, మానుకోట మిరప చేలలో ఎండకు వంగి కోసే సోదరీ, భూపాలపల్లి గనిలో షిఫ్టు దిగి వచ్చే తమ్ముడా, మీకు తీరిక లేదని మేమెరుగుదుము. తీరిక దొరికిన తరువాత చదువుదమనుకొంటే ఆ దినము రాదు. పది వచనములు చాలును. ఒకటి మనస్సున పెట్టుకొని పనికి పొండి. ఆ దినపు అప్పు మాటలోను, తూకములోను, భార్యాబిడ్డలతో పలుకులోను అది ఏమి అడుగుచున్నదో వినుడి. ముప్పది అయిదవ ఏట అక్షరములు దిద్దుకొన్న ఆ దైవజనుని దేవుడు మనకును ఆ వినయమును దయచేయును గాక. ఆమేన్.