ఇరవై మూడేళ్ల కుర్రాడి భాగహారం

(12, 30), (335, 251) బిందువుల గుండా పోయే రేఖ వాలు ఎంత? వై విలువల తేడా 221, ఎక్స్ విలువల తేడా 323. అంటే 221/323. ఆప్షన్లలో చూస్తే అది లేదు. పోనీ కొట్టేద్దామంటే 2, 3, 5 వేటితోనూ పోదు. ఎక్కడో తప్పు చేశామనుకుని ప్రశ్న వదిలేస్తారు. చేసిన లెక్క సరైనదే, మార్కు మాత్రం పోయింది!

ఇలాంటి సంఖ్యలతోనే కుస్తీ పట్టిన ఓ కుర్రాడి గురించి చెప్పుకుందాం. ఆర్యభటుడు పుట్టింది 476లో. 499 నాటికి తనకు 23 ఏళ్లు నిండాయని ఆర్యభటీయంలో ఆయనే లెక్క ఇచ్చాడు. అంటే దాదాపు మీ వయసే. ఆ గ్రంథంలో కుసుమపురం పేరు చెప్పాడు. అది పాటలీపుత్రం, ఇప్పటి పట్నా అంటారు. అందులో గణితానికి కేటాయించింది 33 శ్లోకాలే. చివరి రెండింటిలో ఉన్న పద్ధతికి తర్వాతివారు కుట్టకం అని పేరు పెట్టారు. అంటే దంచి పొడి చేయడం.

దంచడం ఎలాగంటే, పెద్ద సంఖ్యను చిన్నదానితో భాగించాలి. వచ్చిన శేషంతో ఆ చిన్నదాన్ని భాగించాలి. అలా కిందికి దిగుతూ పోవాలి. 323ని 221తో భాగిస్తే శేషం 102. 221ని 102తో భాగిస్తే 17. 102ని 17తో భాగిస్తే సున్నా. కాబట్టి గ.సా.భా. 17. లవహారాలు రెండింటినీ దాంతో కొట్టేస్తే 13/19. ఆప్షన్లలో ఉన్నది అదే. (ఇంతవరకూ ఆయనకు చాలా ముందే గ్రీకు యూక్లిడ్ పుస్తకంలో ఉంది. మనవాడని ఆ మాట దాచక్కర్లేదు. ఆర్యభటుడు దాన్ని ముందుకు తీసుకెళ్లి, ఫలానా శేషాలు మిగిల్చే సంఖ్యను పట్టుకోవడానికి వాడాడు.)

ఆయన లెక్కల్లో సంఖ్యలు మామూలువి కావు. 43,20,000 ఏళ్లకు 1,57,79,17,500 రోజులు! ఏళ్లను ఎక్స్ అక్షం మీద, రోజులను వై అక్షం మీద పెట్టి రేఖ గీస్తే దాని వాలు ఈ రెండింటి నిష్పత్తే. రెండింటినీ 7,500తో కొట్టేస్తే 576 ఏళ్లకు 2,10,389 రోజులు. 629లో ఆర్యభటీయానికి వ్యాఖ్య రాసిన మొదటి భాస్కరుడు వాడింది ఈ చిన్న సంఖ్యలనే. వాలు మారలేదు, చేతి శ్రమ తగ్గిందంతే.

భూమి తన చుట్టూ తాను తిరుగుతోందని కూడా ఆర్యభటుడు చెప్పాడు. బ్రహ్మగుప్తుడంతటివాడే ఒప్పుకోలేదు.

ఇంకో తమాషా. వ్యాసం 20,000 అయితే చుట్టుకొలత సుమారు 62,832 అన్న ఆయన, ఆ భిన్నాన్ని తగ్గించకుండానే వదిలేశాడు. 1150లో వచ్చిన లీలావతిలో అది 3927/1250గా కనిపిస్తుంది. పెన్ను తీసి మీరే దంచి చూడండి. నాలుగు భాగహారాల్లో 16 తేలుతుంది.