మేజిస్ట్రేటు కుర్చీ వదిలిన ఫకీర్ సింగ్

సికింద్రాబాద్‌లో బయలుదేరిన చెన్నై రైలు బాపట్ల దాటి చీరాల చేరేలోపు ఒక చిన్న స్టేషన్ మీదుగా పోతుంది. దాని పేరు స్టువర్టుపురం. ఆ పేరు వినగానే చాలామందికి దొంగలే గుర్తొస్తారు. 1991లో ఆ పేరుతో సినిమా కూడా వచ్చింది. కానీ ఆ ఊరు ఎలా పుట్టిందో, దాని వెనుక ఉన్న బూత్ టక్కర్ ఎవరో తెలిసినవారు తక్కువ.

ఫ్రెడరిక్ టక్కర్ 1853 మార్చి 21న బీహార్‌లోని ముంగేర్‌లో జన్మించారు. తాత ఈస్టిండియా కంపెనీ చైర్మన్‌గా పనిచేశారు. టక్కర్ ఐ.సి.ఎస్. అధికారిగా పంజాబ్‌లో పనిచేస్తూ మేజిస్ట్రేటుగా తీర్పులు చెప్పేవారు. లండన్‌లో విలియం బూత్ స్థాపించిన సాల్వేషన్ ఆర్మీ పత్రిక చదివి, 1881లో అంత పెద్ద ఉద్యోగాన్నీ వదిలేశారు. మరుసటి ఏడాది ముగ్గురు సహచరులతో బొంబాయిలో దిగారు. వీధుల్లో ఊరేగింపులు తీసినందుకు పోలీసులు పట్టుకున్నారు. నిన్నటిదాకా శిక్షలు వేసిన మనిషి తానే జైలుకు వెళ్లారు! కాషాయం కట్టి, చెప్పులు లేకుండా తిరిగి, ఫకీర్ సింగ్ అని పేరు మార్చుకున్నారు. 1888లో బూత్ కుమార్తె ఎమ్మాను పెళ్లాడి ఆమె ఇంటిపేరును తన పేరులో కలుపుకున్నారు. (మన మగవాళ్లలో ఇప్పటికీ ఎందరు ఆ పని చేస్తారు?) 1903లో అమెరికాలో జరిగిన రైలు ప్రమాదంలో ఎమ్మా మరణించారు. 1907లో ఆయన మళ్లీ ఇండియా వచ్చారు.

అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. కొన్ని కులాలను పుట్టుకతోనే నేరస్తులుగా ముద్రవేసే చట్టాన్ని బ్రిటిష్ ప్రభుత్వం 1871లో తెచ్చింది. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. మన ఎరుకలవారు పశువుల మీద ఉప్పు, ధాన్యం మోసి ఊరూరా అమ్ముకుని బతికినవారు. రైళ్లు, ఉప్పు పన్ను ఆ బతుకుదెరువును దెబ్బకొట్టాయి. ఆ తర్వాత వాళ్లకు దక్కింది వేలిముద్రలు, పోలీసు హాజరు, ఊరు దాటాలంటే పాసు. ఆరేళ్లు నిండిన పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసే అధికారం కూడా ఆ చట్టంలో ఉంది.

జైలు మనిషిని మార్చదని, భూమి, పని, చదువు, ఆదరణ మారుస్తాయని బూత్ టక్కర్ నమ్మారు. 1908లో గోరఖ్‌పూర్‌లో ఇలాంటి సెటిల్‌మెంట్ మొదలైంది. 1913లో సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో, మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టువర్ట్ పేరుతో స్టువర్టుపురం ఏర్పడింది. పొలాలు ఇచ్చారు, బడి పెట్టారు. చీరాల పొగాకు కంపెనీలో కూలిపని దొరికింది.

ఆయన దయను నేను శంకించను. దొంగను ఉరితీయాలనో, కొరడాతో కొట్టాలనో అనేవారి కంటే ఆయన వెయ్యి రెట్లు మేలు. కానీ క్షమాపణ అనేది తప్పు చేసినవారికి కదా! దొంగతనం చేయని ఎరుకల తల్లిని, ఉయ్యాలలోని బిడ్డను కూడా సంస్కరిస్తామనడమంటే ముందుగా వాళ్లను దోషులుగా నిలబెట్టడమే. సువార్తలోని తప్పిపోయిన కుమారుడు తనంతట తానే లేచి ఇంటికి వచ్చాడు. స్టువర్టుపురానికి మాత్రం ప్రభుత్వ ఉత్తర్వు తెచ్చింది. తండ్రి పాపాన్ని కొడుకు మోయనక్కరలేదన్న బోధ యెహెజ్కేలు గ్రంథంలోనే ఉంది. ఉద్యోగాన్ని, హోదాను, సుఖాన్ని వదులుకున్న మనిషి ఈ ఒక్క చట్టాన్ని మాత్రం ఎందుకు ప్రశ్నించలేదో నాకు అంతుపట్టదు. పైగా దాన్ని అమలుచేయడానికి చేయందించారు.

1929 జులై 17న లండన్‌లో ఆయన కన్నుమూశారు. ఆ చట్టం మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతటా 1952లో రద్దయింది. 1970లలో మహాకవి జాషువా కుమార్తె హేమలతా లవణం స్టువర్టుపురం వెళ్లి అక్కడి కుటుంబాల మధ్య పనిచేశారు. అయినా కొన్ని రాష్ట్రాల జైలు నియమావళుల్లో ఆ కులాల మీద పాత ముద్ర అలాగే మిగిలింది. దాన్ని తొలగించాలని సుప్రీంకోర్టు ఆదేశించింది 2024 అక్టోబర్ 3న.