ఒక్క పొర మహత్తు – ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్

బి.యస్సీ. కెమిస్ట్రీ చదివిన ప్రతివాళ్లకీ లాంగ్‌మ్యూర్ పేరు తెలుసు. ఆయన అధిశోషణ సమీకరణాన్ని బట్టీపట్టి రాసేస్తాం, మార్కులు కొట్టేస్తాం. ఆ సమీకరణం వెనుక ఉన్న మనిషి సంగతి మాత్రం పట్టించుకోం.

ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ 1881 జనవరి 31న న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో జన్మించాడు. చిన్నప్పుడు చూపు సరిగా ఆనేది కాదు. పదకొండేళ్లు వచ్చేదాకా ఆ సంగతి ఎవరూ కనిపెట్టలేదు. అన్న ఆర్థర్ ప్రోత్సాహంతో కెమిస్ట్రీ మీద మోజు పుట్టింది. 1903లో కొలంబియాలో లోహశాస్త్రంలో ఇంజనీరింగు పట్టా పుచ్చుకుని, జర్మనీలోని గోటింగెన్‌లో నెర్న్‌స్ట్ దగ్గర పరిశోధన చేసి 1906లో డాక్టరేటు పొందాడు. తిరిగి వచ్చి న్యూజెర్సీలో ఒక కాలేజీలో పాఠాలు చెప్పాడు. బోధన పనితో పరిశోధనకు తీరిక చిక్కలేదు.

1909 వేసవి సెలవుల్లో స్కెనెక్టడీలోని జనరల్ ఎలక్ట్రిక్ పరిశోధనాలయానికి వెళ్లాడు. సెలవులకని వెళ్లినవాడు 1950లో రిటైరయ్యేదాకా అక్కడే ఉండిపోయాడు.

అప్పట్లో టంగ్‌స్టన్ బల్బులు కొద్దికాలానికే లోపల నల్లబడిపోయేవి. బల్బులో మిగిలిపోయిన గాలే కారణమనీ, శూన్యాన్ని ఇంకా మెరుగుపరచాలనీ అందరూ అనుకునేవారు. లాంగ్‌మ్యూర్ ఎదురుదారి పట్టాడు. కావాలనే రకరకాల వాయువులను కొంచెం కొంచెంగా బల్బులోకి వదిలి, ఏది ఏం చేస్తుందో చూశాడు. నలుపుకి అసలు కారణం తీగ నుంచి టంగ్‌స్టన్ ఆవిరై గాజుకి అంటుకోవడమేనని తేలింది. తీగను చుట్టగా చుట్టి, బల్బులో నైట్రోజన్ నింపితే ఆవిరి తగ్గింది. వాయువు నింపిన బల్బు 1913లో అలా పుట్టింది. తరవాత నైట్రోజన్ స్థానంలో ఆర్గాన్ వచ్చింది.

అంతకంటె గొప్ప ఫలితం మరొకటి ఉంది. లోహం ఉపరితలం మీద వాయువు ఒకే ఒక్క అణువు మందంలో పొరగా పట్టుకుని ఉంటుందని ఆయన గ్రహించాడు. ఉపరితలం చదరంగపు బల్ల వంటిది. ఒక్కో గడిలో ఒక్కో అణువు కూర్చుంటుంది. గడి ఖాళీ అయితేనే మరొకదానికి చోటు. గాజు, అభ్రకం, ప్లాటినం మీద కొలిచి 1918లో ఈ సిద్ధాంతాన్ని ప్రకటించాడు.

1922లో ప్లాటినం మీద కార్బన్ మోనాక్సైడ్ ఆక్సిజన్‌తో కలిసే తీరును వివరించాడు. కార్బన్ మోనాక్సైడ్ పెరిగితే చర్య జోరందుకోవాలి కదా! అది కాస్తా మందగించింది. గడులన్నీ అదే ఆక్రమించేసి ఆక్సిజన్‌ను రానివ్వకపోవడమే కారణం. ఉత్ప్రేరకానికి విషం ఎక్కడమంటే ఏమిటో దీంతో అర్థమయింది. గంధకం కూడా అలాంటి విషమే, పైగా పట్టు మరీ గట్టిది. ఉపరితల రసాయనశాస్త్రంలో చేసిన ఈ కృషికే 1932లో నోబెల్ బహుమతి వచ్చింది.

అయితే చదరంగపు బల్ల పూర్తి నిజం కాదు. అసలు లోహతలం మీద ఒక పరమాణువు ఎత్తున మెట్లుంటాయి. ప్లాటినం లోపలి పరమాణువుకి ఇరుగుపొరుగు 12 మంది. బాగా చదునైన తలం మీద 9 మంది, మెట్టు అంచున 7 మందే. తోడు తక్కువైన పరమాణువుకి కొత్తవాళ్లతో చేయి కలపాలన్న ఆత్రం ఎక్కువ. 1970ల్లో బర్కిలీలో సొమార్జాయ్ బృందం మెట్లున్న ప్లాటినం స్ఫటికాల మీద పనిచేసి, హైడ్రోజన్ అణువును విడగొట్టడంలో మెట్లదే పైచేయి అని చూపింది. గంధకం కూడా ఆ అంచులనే ఇష్టపడుతుంది. అంచుల్ని గట్టిగా పట్టుకుందంటే ఏ అమరిక నిలకడైనదన్న లెక్కే మారిపోతుంది. తగినంత వేడి ఉంటే లోహపు పరమాణువులు కదిలి, మెట్లు కొత్తగా సర్దుకోగలవు. అతిథి వచ్చి ఇంటి గోడలే జరిపినట్టన్నమాట! కార్బన్ మోనాక్సైడ్ సైతం కొన్ని ప్లాటినం తలాల అమరికను మార్చేస్తుందని ఎర్ట్ల్ నిరూపించాడు. ఉపరితల చర్యల మీద కృషికి ఆయనకు 2007లో నోబెల్ దక్కింది.

ఇది పుస్తకాల గొడవ మాత్రమే కాదు. కార్ల పొగగొట్టంలోని ఉత్ప్రేరకంలో ప్లాటినం జాతి లోహాలుంటాయి. పెట్రోలు, డీజిలులో గంధకాన్ని కిలోకి 50 మిల్లీగ్రాముల నుంచి 10కి మన దేశం 2020 ఏప్రిల్‌లో దించడానికి ఒక ముఖ్య కారణం ఆ ఉత్ప్రేరకాలను కాపాడుకోవడమే.

లాంగ్‌మ్యూర్ చివరి రోజుల్లో మేఘమథనం వైపు మళ్లాడు. తన ప్రయోగాలు వాతావరణాన్నే మార్చాయని నమ్మాడు, వాతావరణ శాస్త్రజ్ఞులు చాలామంది ఒప్పుకోలేదు. శాస్త్రజ్ఞుడు తన్ను తానే ఎలా మోసపుచ్చుకుంటాడో 1953లో ఉపన్యసించినవాడూ ఆయనే! 1957 ఆగస్టు 16న వుడ్స్‌హోల్‌లో కన్నుమూశాడు.

బల్బులోని మలినాన్ని అందరూ తుడిచేయాలని చూశారు. ఆయన దాన్నే ప్రశ్నించాడు. ఆయన గీసిన బల్లను తరవాతివాళ్లు దిద్దారు, అయినా బల్ల లేకపోతే దిద్దేదేమిటి? ల్యాబులో మన రీడింగు పుస్తకంతో కలవనప్పుడు కొట్టేసి "సరైన" అంకె వేసే ముందు, మిత్రులారా, లాంగ్‌మ్యూర్‌ని ఒక్కసారి తలుచుకుందాం.