జి. డి. నాయుడుగారు

గత సంవత్సరము మేము పదవ తరగతి విద్యార్థులను వెంటబెట్టుకొని అమీరుపేటనుండి హైటెక్ సిటీకి మెట్రోరైలులో పోయితిమి. ముందు పోవుచున్న రైలు ఎంత దూరముననున్నదో రేడియో సంకేతములచే తెలిసికొని, దానికి తగినట్లు వేగమును నియమించు యంత్రసాధనము ఈ రైళ్లకు కలదని చెప్పగా బాలురు మిక్కిలి అబ్బురపడిరి. ఈ మార్గము 2019వ సంవత్సరము మార్చి 20వ తేదీన ప్రారంభమైనది. దానికి చేరువనే గచ్చిబౌలియందు ట్రిపుల్ ఐటీ కలదు. అచ్చటి పరిశోధకులు ఇంటెల్ సంస్థవారితో గూడి, మన వీథులయందలి ఆటోలను, పశువులను, పాదచారులను యంత్రము గుర్తింపగలుగుటకై హైదరాబాదు, బెంగుళూరు రోడ్లమీద తీసిన 10,000 చిత్రములను 2018లో లోకమునకు ఒసగిరి. నగరమునకు వెలుపల కందియందలి ఐఐటీలో, నడుపువాడు లేకయే నడచు వాహనములను పరీక్షించుటకు 2022 జూలైలో ఒక క్షేత్రము ప్రారంభింపబడినది.

తిరిగి వచ్చునప్పుడు ఒక బాలుడు, పూర్వము మనవారిలో ఇట్టి పనులయందు బుద్ధి నిలిపినవారు ఎవరైన నుండిరా యని మమ్మడిగెను. ఆ ప్రశ్నకు ప్రత్యుత్తరముగా ఈ చరిత్రమును వ్రాయుచున్నాము.

గోపాలస్వామి దొరస్వామి నాయుడుగారు 1893వ సంవత్సరము మార్చి 23వ తేదీన కోయంబత్తూరునకు సమీపమందలి కలంగల్ గ్రామమున జన్మించిరి. వారిది తెలుగు మాటలాడు వ్యవసాయ కుటుంబము. బడిచదువు వారికి రుచింపలేదు. ఉపాధ్యాయులమైన మేము ఈ మాటను కొంత సిగ్గుతోనే వ్రాయుచున్నాము. ఏలయన, బడి పట్టుకొనలేకపోయిన ఆ బాలుని మనస్సును ఒక మోటారు సైకిలు పట్టుకొన్నది. ఒక ఆంగ్లేయ ఉద్యోగి నడుపుచున్న రడ్జ్ మోటారు సైకిలును చూచినది మొదలు ఆయనకు నిద్ర లేదు. కోయంబత్తూరునకు పోయి, ఒక హోటలులో వడ్డన పనికి కుదిరి, కాసు కాసు కూడబెట్టి తుదకు ఆ బండినే కొనెను. కొన్నది ఊరేగుటకు గాదు. దానిని మరమరకు విప్పి మరల బిగించి, అది నడచు మర్మమును తెలిసికొనెను. ఆ విప్పుటయే ఆయనకు కళాశాల.

1920వ సంవత్సరమున నాయుడుగారు ఒక బస్సు కొని పొల్లాచి, పళని పట్టణముల నడుమ తామే నడుపసాగిరి. అందుకు తోడ్పడినవారు స్టేన్సు అను ఆంగ్లేయ పారిశ్రామికులు. నిన్నటివరకు విస్తళ్లు వేసిన మనుజుని చేతిలో ఏ పట్టాయు లేదు. అట్టివానిని నమ్మి సాయము చేయుట చిన్న సంగతి గాదు. ఆ ఒక్క బస్సు పెరిగి యు.ఎం.ఎస్. అను పేర గొప్ప రవాణా సంస్థయయ్యెను. బస్సుల సంఖ్య పెరిగినకొలది నాయుడుగారి ఆలోచనయు పెరిగెను. టిక్కెట్లు ఇచ్చుటకొక యంత్రము, బస్సు వచ్చు వేళను పోవు వేళను ప్రయాణికులకు చూపుటకొక సాధనము, ఇంజను కంపనమును పరీక్షించి లోపమును కనిపెట్టుటకొక పరికరము వారు కల్పించిరి. మనుష్యుడు పొరబడు చోట యంత్రమును కాపు పెట్టవలెనను ఆలోచనయే వీనికి మూలము. నేడు మెట్రోస్టేషనులో రాబోవు రైలు వేళను చూపు పలకను చూచునపుడు మేము ఆ పాత బస్సులను తలచుకొందుము.

1937లో పీలమేడునందలి వారి కర్మాగారమునుండి విద్యుత్ మోటారు వెలువడెను. అది మనదేశమున తయారైన మొదటి మోటారని ప్రసిద్ధికెక్కినది. 1945లో వారి పూనికచే ఆర్థర్ హోప్ పేర కోయంబత్తూరులో సాంకేతిక విద్యాలయము వెలసెను. నాలుగేండ్ల చదువును చేతిపనితో గూర్చి కుదింపవచ్చునని నాయుడుగారి మతము. ప్రభుత్వము అందులకు సమ్మతింపలేదు. వారు ఆ పదవిని విడిచిరి.

ఇంతకంటె పెద్ద దెబ్బ తరువాత తగిలెను. 1952లో ఇద్దరు కూర్చుండదగిన పెట్రోలు కారును 2,000 రూపాయల వెలకు ఇయ్యవచ్చునని వారు నిర్మించి చూపిరి. దానిని విరివిగా చేయుటకు ప్రభుత్వపు లైసెన్సు దొరకలేదు. కారు అంతటితో ఆగిపోయెను. పన్నుల భారమునకు రోసి నాయుడుగారు తాము చేసిన వస్తువులనే జనసమక్షమున పగులగొట్టించిరి. కోపముతో చేసిన పనిని మేము మెచ్చము. కాని తన బిడ్డవంటి వస్తువును తానే విరుగగొట్టువాని మనస్సు ఎంత కుమిలియుండునో ఊహింపగలము.

వారు 1974వ సంవత్సరము జనవరి 4వ తేదీన కాలధర్మము నొందిరి. 2025 అక్టోబరులో కోయంబత్తూరు అవినాశి రోడ్డుమీద తెరువబడిన 10 కిలోమీటర్లకు పైబడిన వంతెనకు వారి పేరు పెట్టబడెను. కారు చేయుటకు అనుమతి దొరకనివాని పేరిట నేడు వేలకొలది కార్లు పోవుచున్నవి. ఈ గౌరవము ఉచితమే. ఐనను ఒక్క ప్రశ్న మమ్ము విడువకున్నది. 1920లో ఒక వర్తకుడు చూపిన నమ్మకము 1952లోను దొరకియున్నచో ఏమి జరిగియుండెడిది? పరిశోధకునికి పతకములు, వంతెనలు పని ముగిసిన పిదప వచ్చును. పని సాగుటకు వానికి కావలసినది, సాగుచుండగనే ఒకరు నమ్ముట.

విద్యార్థులారా, ఈ మాట మీకంటె ముందు మాకే తగులుచున్నది. కొన్నియేండ్ల క్రిందట తరగతి గడియారమును విప్పి, మరల బిగింపలేక దిక్కులు చూచుచున్న బాలుని మేము మందలించి బయట నిలువబెట్టితిమి. ఆ గడియారమును వాని చేతికే ఇచ్చి ఒక దినము గడువు పెట్టియుండవలసినది. ఇకమీదట అట్లు చేయుదుము. విప్పినదానిని బిగించువరకు విడువకుండుట మీ వంతు.