పండిత రమాబాయి మాతాపితృభక్తి

తల్లిదండ్రులను సన్మానింపవలెనను ఆజ్ఞ పది ఆజ్ఞలలో అయిదవది. దానిని మన విద్యార్థులందఱును వేదపాఠపు గంటలో తడబడక వల్లింతురు. అయినను ఒకనాడు పాఠము ముగిసిన పిమ్మట ఒక బాలుడు మాయొద్దకు వచ్చి, తల్లిదండ్రుల మతమొకటియు తన విశ్వాసమొకటియు అయినప్పుడు ఈ యాజ్ఞను గైకొనుట యెట్లని మెల్లగా అడిగెను. మేమానాడు చెప్పిన ప్రత్యుత్తరము మాకే చాలినదిగా తోపలేదు. ఇంటికి పోయి పండిత రమాబాయి చరిత్రమును మరల చదివితిమి. ఆ బాలునకు చెప్పవలసియుండిన యుత్తరమును ఈ పుటలలో వ్రాయుచున్నాము.

రమాబాయి 1858వ సంవత్సరము ఏప్రిల్ 23వ తేదీన పడమటి కనుమలలోని గంగామూలమను అరణ్యమున జన్మించెను. ఆమె తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే మహారాష్ట్ర బ్రాహ్మణుడు, సంస్కృతమున గొప్ప విద్వాంసుడు. స్త్రీలకు దేవభాష నేర్పరాదని పెద్దలు శాసించిన కాలములో ఆయన తన భార్యయగు లక్ష్మీబాయికి ఆ భాషను నేర్పెను. అందులకై పండితులు నిలదీయగా, శాస్త్రములనే చూపి తన పక్షమును సమర్థించుకొనెను గాని వెనుదీయలేదు. తరువాత ఆ తల్లియే తన చిన్నకూతునకు గురువయ్యెను. తండ్రి వృద్ధుడు, తల్లికి పగలంతయు ఇంటిపని. కనుక ఆమె తెల్లవాఱకముందే బిడ్డను ముద్దుమాటలతో మేల్కొలిపి పాఠము చెప్పెడిది. పండ్రెండేండ్లకే రమాబాయికి భాగవతములోని వేలకొలది శ్లోకములు కంఠస్థమయ్యెను.

అనంతశాస్త్రి తన యింటికి వచ్చిన యాత్రికులను విద్యార్థులను పోషించి అప్పులపాలయ్యెను. అందుచేత కుటుంబమంతయు క్షేత్రములలో పురాణము చెప్పుకొనుచు దేశాటనము చేయసాగెను. వచ్చిన ధనమును దానములకును పూజలకును వెచ్చించిరి. 1870వ సంవత్సరమునకు పిమ్మట మద్రాసు రాజధానిలో కరవు ప్రబలెను. వారు నగలు, పాత్రలు అమ్ముకొని కొంతకాలము గడపిరి. కులాభిమానముచే కూలికి పోలేకపోయిరి, యాచించుటకు నోరాడలేదు. తుదకు తిరుపతిలో కడపటి గింజయు అయిపోగా, అయినవారి యెదుట దారిద్ర్యమును చూపుటకంటె అడవిలో మరణించుట మేలని ఒక రాత్రి బయలుదేఱిరి. పదునొకండు దినములు నీళ్లును, ఆకులును, కొలదిపాటి యీతపండ్లును వారి యాహారము.

తండ్రి అప్పటికి అంధుడు. ఇక తాను బ్రదుకుట కల్లయని యెంచి ఆయన ఒక్కొక్కరియొద్ద సెలవు తీసికొనెను. కడగొట్టుబిడ్డయగు రమాబాయి వంతు చివర వచ్చెను. ఆయన ఆమెను గట్టిగా కౌగిలించుకొని, తలను చెక్కిళ్లను నిమురుచు, ధర్మమార్గమును విడువవద్దనియు, ఆమెను దేవుని చేతికి అప్పగించితిననియు, బ్రదికినంతకాలము ఆయననే సేవింపవలెననియు చెప్పెను. అప్పుడు కుమారుడు శ్రీనివాసుడు కులాభిమానమును విడిచి, కూలియైనను చేసి యందఱను పోషింతునని ముందుకు వచ్చెను. అడవి వెడలి వారొక గ్రామము చేరిరి గాని కొలది దినములకే ఆ వృద్ధుడు కన్నుమూసెను.

మిగిలినవారు ఎట్లో నిజాము రాజ్యములోని రాయచూరు చేరిరి. అక్కడ తల్లి జ్వరముతో మంచము పట్టెను. ఆమెకొక రొట్టెముక్క కావలసియుండగా రమాబాయి పొరుగింటి గుమ్మము దాక పోయెను. కాని యాచన యెఱుగని నోట మాట పెగలక కన్నీరు మాత్రము వచ్చెను. ఆ యింటి యిల్లాలు గ్రహించి రొట్టె యిచ్చెను. దానిని తినుటకు తల్లికి శక్తి లేకపోయెను. ఆమె మరణించినప్పుడు పాడె మోయుటకు మనుష్యులు చాలలేదు. పొట్టిదగుటచే రమాబాయి భుజమునకు పాడె అందక, తన వంతు బరువును తలమీద పెట్టుకొని శ్మశానమునకు నడచెను. కొంతకాలమునకు అక్కయు గతించెను.

1878లో అన్నయు చెల్లెలును కలకత్తా చేరిరి. అచ్చటి విద్వాంసులు ఆమెను పరీక్షించి పండిత యనియు సరస్వతి యనియు బిరుదములిచ్చిరి. 1880లో అన్నను, 1882లో భర్తయగు బిపిన్ బిహారీ మేధావిని మృత్యువు కొనిపోయెను. చంటిబిడ్డయగు మనోరమతో ఇంగ్లండునకు పోయి, 1883వ సంవత్సరము సెప్టెంబరు 29వ తేదీన వాంటేజి పట్టణమున ఆమె బాప్తిస్మము పొందెను. స్వదేశమున అనేకులు ఆమె పితరుల ధర్మమునకు ద్రోహము చేసెనని నిందించిరి.

ఇచ్చటనే మా విద్యార్థి ప్రశ్నకు ఉత్తరము కలదు. తల్లిదండ్రుల యాత్రలును పూజలును తమ కుటుంబమును కాపాడలేకపోయెనని రమాబాయి దాచక వ్రాసినది నిజమే. సత్యమును మఱుగుపఱచుట సన్మానము కాదు. అయినను వారి ప్రేమను గాని, నిష్ఠను గాని ఆమె యెన్నడును చులకన చేయలేదు. హిందూ స్త్రీల స్థితిని గూర్చి 1887లో అమెరికాలో ప్రకటించిన తన గ్రంథమును తల్లి లక్ష్మీబాయి స్మృతికే అంకిత మొనర్చెను. క్రైస్తవురాలైన నాలుగేండ్లకు, సముద్రముల కావల, తన వెలుగునకు మూలము ఆ తల్లియేయని లోకమునకు చాటెను.

మాటతో తీరని ఋణమును ఆమె క్రియతో తీర్చెను. తండ్రి స్త్రీవిద్యకై పండితుల యెదుట నిలిచెను. కూతురు 1889వ సంవత్సరము మార్చి 11వ తేదీన బొంబాయిలో శారదాసదనమును స్థాపించి వితంతువులగు బాలికలకు విద్య నేర్పెను. తల్లి రొట్టె తినలేక మరణించెను. 1896లో మధ్య పరగణాలలో కరవు రాగా రమాబాయి తానే పోయి, ఆకలిచే కృశించిన బాలికలను వందలకొలది తోడితెచ్చి, పూనాకు చేరువనున్న కేడ్గాములో అన్నము పెట్టెను. ఆ స్థలమునకు ముక్తియని పేరు పెట్టెను. తండ్రి ఆమెను దేవుని చేతికి అప్పగించెను. ఆమె హెబ్రీ, గ్రీకు భాషలు నేర్చి, సామాన్యులకు తెలియు మరాటీలో బైబిలు గ్రంథమును భాషాంతరీకరించుచు కడపటి యేండ్లు గడపెను. ఇన్నిటిలో తండ్రి యప్పగింత నెఱవేఱినదని మా నమ్మకము.

దేవునికి అర్పితమని చెప్పి తల్లిదండ్రులకు చేయవలసినది మానినవారిని మన ప్రభువు గద్దించెను. సిలువమీద బాధపడుచు తల్లిని శిష్యునకు అప్పగించెను. కనుక విశ్వాసము పేరుతో తల్లిదండ్రులను అలక్ష్యము చేయువాడు ఆ విశ్వాసమునే యెఱుగడు. ఏ విషయమున మనస్సాక్షి అడ్డుపడునో ఆ విషయమున వినయముతో కాదనవచ్చును. ప్రేమించుటకు, పోషించుటకు, గౌరవించుటకు ఏ మతభేదమును అడ్డురాదు.

రమాబాయి విత్తినది ఆమె యింటనే ఫలించెను. కుమార్తె మనోరమ తల్లికి కుడిభుజమై నిలిచెను. 1912లో తల్లీకూతుండ్రు గుల్బర్గాలో క్రైస్తవ ఉన్నత పాఠశాలను నెలకొల్పగా మనోరమ దానికి ప్రధానోపాధ్యాయినియయ్యెను. గుల్బర్గాయు, రాయచూరును, మన జహీరాబాదును 1948 వఱకు ఒక్క నిజాము రాజ్యములోనివే. ఇప్పుడా రెండును కర్ణాటకములో నున్నవి. కనుక ఈ కథ మనకు దూరపుదేశపు కథ కాదు. 1921లో మనోరమ ముందుగా ప్రభువునొద్దకు పోయెను. 1922వ సంవత్సరము ఏప్రిల్ 5వ తేదీన తల్లియు విశ్రమించెను.

ప్రియ విద్యార్థులారా, మీలో కొందఱి తల్లులు చేవ్రాలు చేయనేరరు. కొందఱి తండ్రులు చెఱకుతోటలో పని విడిచి, మట్టికాళ్లతోనే బడి గుమ్మము దాక వత్తురు. అట్లు జొన్నరొట్టెల మూట తెచ్చిన తండ్రిని, తోటివారి యెదుట, పొలములోని జీతగాడని చెప్పిన బాలుని మేమెఱుగుదుము. ఆ తండ్రి విని, ఏమియు అనక, మూట అచ్చట పెట్టి పోయెను. తల్లికై ఒక్క రొట్టె అడుగుటకు కన్నీరు కార్చిన రమాబాయిని తలచునప్పుడెల్ల ఆ మూట మాకు జ్ఞప్తికి వచ్చుచున్నది. ఈ సెలవులలో ఇంటికి పోయినప్పుడు ఆ రొట్టె చేసిన చేతులను ఒక్కసారి చూడుడు. మీరు నేర్చిన చదువులో కొంత వారికి చదివి వినిపింపుడు. అయిదవ యాజ్ఞను వల్లించుట బడిలో నేర్పితిమి. దానిని గైకొనుట మీ యింటి గడపలోనే నేర్వవలెను.